నీలం అట్ట మీద వెంట్రుక

నాలుగో పెట్ట కూడా పోయింది.

గూడు ముందు గుప్పెడు ఈకలు తప్ప ఇంకో ఆనవాలు లేదు. ఎలీసమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని వాటివంకే చూసింది. ఇక మిగిలినవి రెండు పెట్టలు, ఒక పుంజు.

ఆమె భయమంతా పుంజు గురించే. పేరు సంసోను. అయిదు కిలోల తెల్ల పుంజు. ఇంకో పదిహేడు రోజుల్లో చర్చిలో కోతల పండుగ. ఎవరి కష్టంలోంచి వాళ్లు తెచ్చిన కానుకల్ని అక్కడ వేలం వేస్తారు. మూడేళ్లుగా వేలంలో మొదటి పాట ఎలీసమ్మ పుంజు మీదే. ఈసారి వట్టి చేతులతో వెళ్తే తల కొట్టేసినట్టే.

"అడవిపిల్లే," అన్నాడు మొగుడు యేసుపాదం, వేపపుల్ల నములుతూ. "పత్తి చేలల్లోంచి వస్తంది."

"పిల్లి గడియ తీసి, కోడిని పట్టి, మళ్లీ గడియ పెట్టి పోద్దా? ఇది రెండు కాళ్ల పిల్లయ్యా!"

అనుమానం తీర్చుకునే దారి మిరప చేలో దొరికింది. తామర పురుగుల కోసం కట్టిన నీలం జిగురు అట్టలు. పురుగు వాలిందంటే మళ్లీ లేవదు. ఎలీసమ్మ నాలుగు అట్టలు పీక్కొచ్చి, గూట్లోకి తల దూర్చి, తలుపు చుట్టూ అంటించింది. బయటికి వస్తుంటే కొంగు అంటుకుంది. విసుక్కుంటూ లాక్కుంది.

"పురుగుల అట్టలతో దొంగను పడతావటే?"

"దొంగ మాత్రం పురుగు కాదా?"

తెల్లారేసరికి ఇంకో పెట్ట లేదు. అట్ట మీద ఒక వెంట్రుక ఉంది.

రెండంగుళాల వెంట్రుక. మొదట్లో వడ్లగింజంత తెలుపు. మిగతాదంతా నలుపు.

"ఏమయ్యా, అడవిపిల్లి జుట్టుకి రంగేసుకుంటదా?"

యేసుపాదం నోట్లో వేపపుల్ల ఆగిపోయింది.

మర్నాడు శనివారం. సాయంత్రం ఎలీసమ్మ గది గడియ వేసుకుని గంటసేపు ప్రార్థనలో కూర్చుంది. నెలకి రెండు శనివారాలు ఆమెకది అలవాటు. ఇల్లు కూలినా తలుపు తీయదు.

"దొంగని చూపించమని అడిగావా?" అన్నాడు యేసుపాదం, ఆమె బయటికి వచ్చాక.

"అడిగా. చూపిస్తాడు."

ఆదివారం ఆరాధన అవగానే ఎలీసమ్మ లేచి నిలబడింది. ముసుగు సవరించుకుని, ప్లాస్టిక్ కవరులో పెట్టిన వెంట్రుకను పైకెత్తి చూపించింది.

"అయ్యగారూ, నా కోళ్ల దొంగ మన ఊరోడే. తలకి రంగేసుకుంటాడు. మా ఇంట్లో ఆ సోకు ఎవరికీ లేదు. మా ఆయన తల చూడండి, సున్నం కొట్టిన గోడ!"

మగాళ్ల వైపు చేతులన్నీ ఒక్కసారిగా తలల మీదికి వెళ్లాయి.

సోమవారం మధ్యాహ్నానికి స్తుతి కిరాణా కొట్లో డై ప్యాకెట్లు ఒక్కటి మిగల్లేదు. దొరకనివాళ్లు సెలూనుకి పరిగెత్తారు. వాళ్లలో జయరావు మాస్టారు ఒకరు. రిటైరైన హెడ్మాస్టరు, సంఘపెద్ద. అరవై రెండేళ్లకీ కాకి రెక్కలాంటి క్రాపు. మా వంశంలోనే తెల్లజుట్టు లేదని చెప్పుకునే మనిషి. పోయినేడు ఎలీసమ్మ పుంజు కోసం చివరిదాకా పాడి ఓడిపోయిన మనిషి కూడా.

"ఏం మాస్టారూ, గుండు?" బజార్లో నిలదీసింది ఎలీసమ్మ.

"ఎండలమ్మా."

"ఇంకా దుప్పట్లే దిగలా, అప్పుడే ఎండలా?"

మరుసటి ఆదివారానికి గుండ్లన్నీ తెల్లగా మొలకెత్తాయి. మగాళ్ల వైపంతా విచ్చిన పత్తి చేనులా ఉంది. మాస్టారు వందనం పెడితే ఎలీసమ్మ మొహం తిప్పుకుంది. ఆమె లెక్కలో దొంగ దొరికిపోయాడు. అయినా ఎందుకైనా మంచిదని ఈసారి గూడు చుట్టూ, నేల మీద కూడా అట్టలు పరిచింది.

గురువారం తెల్లవారుతుండగా పెరట్లో గోల. యేసుపాదం కర్రతో, ఎలీసమ్మ చాటతో పరిగెత్తారు. కల్లంలో ఆరబోసిన మిరపకాయల మధ్య ఏదో గింగిరాలు తిరుగుతోంది. వీపున ఒక నీలం అట్ట, తోకకి ఇంకొకటి. ఘాటుకి తుమ్ము మీద తుమ్ము.

అడవిపిల్లి!

గోనెపట్టా కప్పి పట్టుకున్నారు. అటవీశాఖ వాళ్లు బోను తెచ్చి తీసుకెళ్లారు. గూటి వెనక, చెక్క కింద అది తవ్వుకున్న కన్నం బయటపడింది. యేసుపాదం దానికి నాపరాయి అడ్డం వేసి సిమెంటు పూశాడు. సంసోను గూడెక్కి, అంతా తనే చేసినట్టు కూసింది.

ఊరు ఊరంతా పెరట్లోనే ఉంది. అట్టలకి అంటిన బొచ్చు ఇసుక రంగులో ఉంది. జయరావు మాస్టారు కళ్లజోడు పెట్టుకుని, దాని పక్కనే కవరులోని వెంట్రుకను పెట్టి చూశారు.

"ఇది పిల్లిది కాదు. నేను దొంగని కాదని తేలింది కాబట్టి నాదీ కాదు. మరి ఎవరిదమ్మా?"

ఎలీసమ్మ ఆ వెంట్రుకను చూసింది. గూటి తలుపును చూసింది. ముసుగు కాస్త ముందుకి లాక్కుంది.

"మీ మనసు నొప్పించా మాస్టారూ. ఈసారి సంసోను మీద మీదే ఆఖరి పాట. మా వాళ్లెవరూ పైన పాడరు."

"మరి నా జుట్టు?"

"మొలుస్తందిగా మాస్టారూ."

"మొలిచేది ఏ రంగో ఊరంతా చూసిందిగా!"

ఆ శనివారం సాయంత్రం ఎలీసమ్మ ప్రార్థనకని గది గడియ వేసుకుంది, ముడి విప్పి అద్దంలో పొట్టి ముంగురుల మొదళ్లు చూసుకుంది, "ప్రభువా, మాస్టారి గుండు విషయంలో నన్ను క్షమించు" అంటూ ట్రంకుపెట్టె అడుగున దాచిన డై ప్యాకెట్టు తీసి చింపింది.