చావు లేని ఊరు

"ఇవాళ వణుకు వంతు వచ్చినవాళ్ళెవరూ గడప దాటకూడదు! దాటారో, నేను మనిషిని కాను!"

కర్నల్ లెమ్యుయెల్ హాస్కిన్స్ వీధి పొడుగునా కేకలు వేస్తూ తిరిగాడు. అమెరికాలో వాబాష్ నది ఒడ్డున అడవి కొట్టి, తన పేరే పెట్టి నిలబెట్టిన ఊరు హాస్కిన్స్‌బర్గ్. జిల్లా కేంద్రం ఎక్కడ పెట్టాలో తేల్చడానికి శాసనసభ పంపిన జడ్జి ప్రూయిట్ అప్పుడే పడవ దిగుతున్నాడు. కేంద్రం ఇక్కడికొస్తే కోర్టు వస్తుంది, జనం వస్తారు. పక్క ఊరికి పోయిందా, రెండేళ్ళలో ఇక్కడ మళ్ళీ అడవే. జడ్జి ముఖ్యంగా చూసేది ఒక్కటే, ఊరికి ఆరోగ్యం ఉందా లేదా అని.

ఊళ్ళో సగం మందికి రోజు విడిచి రోజు వణికించే చలిజ్వరం. పోయిన ఆగస్టులో పదకొండు మంది పోయారు. అబద్ధానికి కాళ్ళుండవంటారు గానీ కర్నల్ అబద్ధానికి నాగలి ఉంది. సమాధుల మీది పేర్ల చెక్కలు పీకించి, నేలంతా దున్నించి, టర్నిప్ దుంపలు వేయించాడు.

"పాపం కదయ్యా! చచ్చినవాళ్ళకి ఆరడుగుల చోటైనా మిగల్చవా?" అంది భార్య కెజయా.

"చచ్చినవాళ్ళు ఓట్లేస్తారటే? నువ్వు నోరు మూసుకుని కూర్చో, చాలు."

జడ్జి అరవయ్యేళ్ళ మనిషి. మాట తక్కువ. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి లోపలికి తొంగి చూస్తున్నాడు. ఒక ఇంట్లోంచి మంచం కోళ్ళు టకటకా కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది.

"ఏమిటది?"

"వెన్న చిలుకుతున్నారండీ," అన్నాడు కర్నల్ తడుముకోకుండా. వీపు మాత్రం చెమటతో తడిసిపోయింది.

దుంపల మడి దగ్గర జడ్జి నిలబడిపోయాడు. ఆకులు మోకాలెత్తున ఉన్నాయి.

"అబ్బో! ఇంత ఏపుగానా! ఏం ఎరువు వేశారేమిటి?"

"నేల అలాంటిదండీ."

కెజయా మొహం తిప్పుకుంది.

"శ్మశానం ఎటువైపు?"

"లేదండీ. ఆ అవసరమే రాలేదు."

"ఒక్కరూ పోలేదా?"

"చచ్చినవాడు లేడు, ఊరొదిలి పోయినవాడూ లేడు. వచ్చినవాళ్ళందరూ గుండ్రాళ్ళలా ఉన్నారు."

జడ్జి కోటు జేబులోంచి చిన్న బైబిల్ తీసి చాపాడు. "దీని మీద చెప్పగలరా?"

వెనక నుంచి కెజయా కర్నల్ చొక్కా పట్టి లాగింది. ఇంతదాకా వచ్చాక వెనకడుగా? కర్నల్ చెయ్యి వేశాడు. "దేవుడే సాక్షి. ఈ ఊళ్ళో ఇల్లు కట్టుకున్న ఏ ఒక్కరి ప్రాణమూ పోలేదు."

జడ్జి కళ్ళు చెమర్చాయి. కర్నల్ రెండు చేతులూ పట్టుకుని గట్టిగా ఊపాడు.

"జిల్లా కేంద్రం మీదేనండీ, కాగితం ఇక్కడే రాసేస్తాను!"

కర్నల్‌కి ఊపిరి తిరిగింది. భార్యకేసి గర్వంగా చూశాడు.

"ఆగస్టు నుంచి ఒక్క ఉత్తరం ముక్క లేదు, అడగడానికి నాకే ధైర్యం చాల్లేదు," అన్నాడు జడ్జి కళ్ళు తుడుచుకుంటూ. "మా అమ్మాయి టబితా, అల్లుడు నిరుడు ఇక్కడే ఇల్లు కట్టుకున్నారండీ. పిలిపించండి, దాని చేతి రొట్టె తిని సంతకం పెడతాను."