నిన్నటి గజళ్లు

ఉప్పలగుప్తం దగ్గర రొయ్యల చెరువుల మధ్య ఒక అద్దె ఇంట్లో రేచల్ టీచరు ఒక్కతే ఉంటోంది. రోజూ చీకటి పడ్డాక ఒక పాత ఆల్బమ్ విని, తనకేమనిపించిందో ఫోన్‌లో రికార్డు చేసి స్నేహితులకు పంపుతుంది. నిన్న గజళ్లు విని కళ్లు చెమర్చాయని చెప్పింది. ఇవాళ రాక్ విన్నాక, "ఈ డ్రమ్ముల హోరు నాకు పడలేదు" అంది.

పంపేముందు ఒకసారి విని చూసుకుంది. తన మాట పూర్తయ్యాక ఒక మగగొంతు మెల్లగా, అవునన్నట్టు "ఆయ్" అంది.

తలుపులన్నీ వేసే ఉన్నాయి. ఫోన్ దగ్గరగా పట్టుకుని "ఎవరండీ?" అని రికార్డు చేసి, మళ్లీ పెట్టి వింది.

"పాప జడుసుకుందండీ. నిన్నటి గజళ్లు పెట్టండి, పడుకుంటాది."

ఆ గజళ్లే పెట్టింది. రెండో గజల్ సగంలో ఉండగా, ఆమె కుర్చీ వెనక చిన్న ఆవలింత వినిపించింది.