బావ మీది కేసు

తెల్లారేసరికి మబ్బు దిగింది, చినుకు మాత్రం రాలలేదు. నర్సింహ ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతున్నాడు. నిజాం సర్కారు మీద కోపంతో, దానికి కల్లు పన్ను తెచ్చే ఈతచెట్లు నరికింది తను. గొడ్డలి బావది కాబట్టి కేసు బావ మీద పడింది.

“జర ఒప్పుకో బావా. జుర్మానా కట్టి మాపటికి లింగంపల్లికి తిరిగొస్తం. మా దిక్కు అందరం గట్లనే చేస్తం.”

“నీ కోపం నా మెడకు తగిలించావు. సరేలేవోయ్, నీ పెళ్లానికి నెలలు నిండాయి, నువ్వెందుకు కోర్టుకి?” అన్నాడు, గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ తాపీపని చేసుకునే రామకోటయ్య.

అక్క భాగ్యమ్మ పెద్ద మూట తెచ్చింది. మగని బట్టలన్నీ అందులోనే ఉన్నాయి.

“గివన్ని ఏందక్కా? మాపటికి వస్తడు గద.”

“నువ్వైతే వస్తవురా. ఆయన గుంటూరోడు, ఇంగ్లీషోళ్ల రాజ్యపోడు. నేరం ఒప్పుకుంటే బెజవాడ రైలెక్కించి హద్దు దాటిస్తరంట. మళ్ల రానియ్యరు.”

నర్సింహ నిలబడిపోయాడు. “నీకు తెల్సా బావా?”

“తెలుసు.”

“మరి చెప్పవైతివి?”

“చెబితే నువ్వెళ్తావుగా.”

నర్సింహ తువ్వాల భుజాన వేసుకున్నాడు. “చెట్లు నరికింది నేను. నేనే చెప్త.”

“తిని పో,” అన్నది అక్క.

ముగ్గురూ కూర్చుని జొన్నరొట్టె తిన్నారు.