గుండ్రటి అక్షరాలు

స్కేలు ఫట్‌మని వేళ్ళ మీద పడింది. భవిత చేతిలో పెన్ను జారిపోయింది.

"కొట్టివేతలు వద్దని ఎన్నిసార్లు చెప్పాలి? దిద్దేవాడికి అర్థం కాకపోతే ఎంత విద్వత్తయినా చెత్తబుట్టకే!" అంది పార్వతీదేవి.

భవిత వేళ్ళు ఊదుకుంది. నొప్పి కంటే సిగ్గు ఎక్కువైంది. ఎదురుగా హరిచందన ఉంది మరి. మేడం కూతురు. పుట్టుకతో చూపు లేదు గానీ, స్కేలు చప్పుడు వినబడుతుంది కదా!

తొంభై ఎనిమిదో సంవత్సరం అది. సంగీతం డిప్లొమా థియరీ పరీక్షకు ఇంకా నాలుగు నెలలుంది. అలియాబాద్‌లో కొత్తగా పెట్టిన బడికి సంగీతం టీచరు కావాలి. డిప్లొమా ఉంటేనే తీసుకుంటారు. భవిత తండ్రి ప్రతాప్, రావల్కోల్ ఊళ్ళో పొలాలు చదును చేయించి ప్లాట్లు వేస్తున్న మనిషి. పాటలంటే ఆయనకు పడదు. తేల్చి చెప్పేశాడు.

"గీ ఒక్క పరీక్షనే. తప్పితే పాట బంద్. ఇగ దాని పేరెత్తద్దు."

పాట లేకపోతే తను బతకలేదు. అందుకే మేడ్చల్ కొత్త కాలనీలో ఈ తెనాలి మేడం గుమ్మం తొక్కింది.

మొదటిరోజు గొంతెత్తగానే పార్వతీదేవి చేయి అడ్డం పెట్టింది.

"పాట పరీక్ష సంగతి తర్వాత. ముందు థియరీ గట్టెక్కాలి. ఏదీ, నీ పేరూ ఊరూ రాయి."

రాసింది. గుండ్రటి అక్షరాలు, అచ్చు గుద్దినట్టున్నాయి. పార్వతీదేవి ఆ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి మరీ చూసింది. రేపట్నుంచి రమ్మంది. ఫీజు మాటే ఎత్తలేదు. బడి సంగతి చెబితే అడ్రసు కూడా రాసుకుంది.

"నేనూ వాళ్ళకో మాట చెప్పి ఉంచుతాలే" అంది.

ఇంత మంచి మనుషులు కూడా ఉంటారా అని భవిత ఆ రాత్రి నిద్రపోలేదు.

పాఠం రోజూ ఒకటే తీరు. హరిచందన నోటితో చెప్పాలి, భవిత రాయాలి. బల్ల మీద గడియారం పెట్టి మూడు గంటలు. మంచినీళ్ళకు కూడా లేవకూడదు.

"వింటూ రాస్తే బుర్రకెక్కుతుంది. నీ సొంత తెలివి చూపించకు. చెప్పింది చెప్పినట్టు రాయి. మీ యాస మాత్రం కాగితం మీదికి రానివ్వకు తల్లీ, నీకు పుణ్యం ఉంటుంది!"

హరిచందన ముసిముసిగా నవ్వేది. డెబ్బై రెండు మేళకర్త రాగాలూ ఆమెకు నోటికొచ్చు. అక్క ఈ పరీక్షలన్నీ ఎప్పుడో పాసై ఉంటుందనుకుంది భవిత. అడగడానికి ధైర్యం చాలలేదు.

ఓరోజు హరిచందన, "గమనశ్రమ, యాభై ఒకటో మేళం" అంది. భవిత యాభై మూడు అని రాసింది. స్కేలు పైకి లేచింది.

"చెప్పింది ఒకటి, రాసేది ఇంకోటీనా?"

"అక్క తప్పు చెప్పింది మేడం. పేరులోని అక్షరాల లెక్కలో గ అంటే మూడు, మ అంటే అయిదు. తిరగేస్తే యాభై మూడే గద!"

పార్వతీదేవి పుస్తకం తెరిచి చూసింది. స్కేలు దించింది.

"సరే. అలా ఎక్కడైనా దొర్లితే నువ్వే సరిచేసి రాసెయ్. పైకి మాత్రం అనకు."

ఆ రోజే మొదటిసారి కాఫీ ఇచ్చింది. పనిమనిషి నర్సమ్మ తాగే గ్లాసులో. భవిత దానికే పొంగిపోయింది.

పరీక్ష దరఖాస్తు కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి. భవితది తెలుగు మీడియం. పార్వతీదేవే అన్నీ నింపి, పెన్సిలుతో టిక్కు పెట్టిన చోట సంతకాలు చేయించుకుంది. ఫొటోలు తీసుకుంది.

"ఏం రాసిండ్రు మేడం?"

"నా మీద నమ్మకం లేకపోతే మీ నాన్న చేత నింపించుకో."

భవిత చెంపలేసుకుంది.

పరీక్ష రోజు పొద్దున్నే అవ్వ పద్మమ్మ నోట్లో చక్కెర పోసింది. "మంచిగ రాయి బిడ్డా" అంది. బస్టాండులో చూస్తే మేడంతో పాటు హరిచందన కూడా ఉంది.

"అక్క గూడ వస్తాందా మేడం?"

"ఒక్కదాన్నీ ఇంట్లో ఎలా వదిలేస్తాను?"

నిజమే కదా అనుకుని, సికింద్రాబాద్ దాకా హరిచందన చెయ్యి వదలకుండా తీసుకొచ్చింది భవిత.

పరీక్ష కేంద్రంలో వరండా చివరి గది చూపించారు. ఒకే బల్ల, రెండు కుర్చీలు. హరిచందన ఒక దాంట్లో కూర్చుంది. కూతురు ఎండలో నిలబడకుండా మేడం ఎవర్నో బతిమాలుకుని ఉంటుంది, పాపం. పార్వతీదేవి భవిత భుజం తట్టింది.

"నేర్పిందంతా గుర్తుంది కదా?" అని వెళ్ళిపోయింది.

గదిలోకి వచ్చిన సార్ ప్రశ్నపత్రం బల్ల మీద పెట్టాడు. మొదటి ప్రశ్న మేళకర్తల మీదే! భవితకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఒక్క మార్కు కూడా పోదు. పాట బంద్ అన్న బాపు ముందు తలెత్తుకుని నిలబడుతుంది.

"సార్, నా హాల్ టికెట్ మేడం దగ్గర్నే ఉండిపోయింది" అంది కంగారుగా.

"నీ కాగితం నా దగ్గరుందమ్మా."

ఆయన ఫైల్లోంచి ఒక ఇంగ్లీషు కాగితం తీశాడు. దాని మీద భవిత ఫొటో ఉంది. కింద భవిత సంతకం, గుండ్రంగా. రూలు ప్రకారం తెలుగులో చదివి వినిపించాలంటూ కళ్ళజోడు సవరించుకున్నాడు.

"చూపులేని అభ్యర్థి కుమారి హరిచందన చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టడానికి వచ్చిన భవిత అను నేను, నాకు సంగీతంలో సరిగమలు కూడా రావని ఇష్టపూర్వకంగా ధ్రువీకరిస్తున్నాను."