ఆదివారం లైటు

మళ్లీ వెలిగింది.

తాళం తిప్పగానే స్పీడు మీటరు పక్కన పసుపుపచ్చ ఇంజిను బొమ్మ. ధర్మేంద్ర స్టీరింగు మీద చేత్తో ఒక్కటిచ్చి "దీని దుంప తెగ!" అన్నాడు. అనడం గట్టిగానే అన్నాడు గానీ, మూతి మీది నవ్వు దాచుకోలేక తల పక్కకి తిప్పుకున్నాడు.

"ఏటిరా, మళ్లీ వచ్చిందేటి దాని రోగం?" అరుగు మీద అడకత్తెరతో వక్క కత్తిరిస్తున్న తల్లి నారాయణమ్మ అరిచింది.

"వచ్చిందే అమ్మా."

"మరి అలా కూకున్నావేటి? బేగి శ్రీకాకుళం అట్టుకుపో. ఒక్కడివీ ఎల్లకు. దార్లో ఆగిపోతే తొయ్యడానికి ఇంకో మనిషుండాల. దాన్ని కూడా ఎక్కించుకో."

అది అంటే కొత్త కోడలు విశాలి. కాళ్ల పారాణి ఆరని పిల్ల చేత డీజిలు పికప్పు తోయించే అత్తగారు నారాయణమ్మ. ఎచ్చెర్ల పక్కనున్న ఆ పల్లెలో ఆవిడ నోరంటే అందరికీ హడలు. సినిమా అనే మాట వినబడితే చాలు, గయ్యిమనేది. కొడుకు పేకాడుతున్నాడని తెలిసిన రోజు ముక్కలు లాక్కుని ఎక్కడ పడేసిందో, మళ్లీ వాడి కంట పడలేదు. ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాం కలిసి గుమ్మం దాటాలంటే బండికి జబ్బు చెయ్యాల్సిందే.

అదృష్టం బాగుండి చేస్తోంది. అదీ కిరాయిల్లేని ఆదివారాలు చూసుకుని మరీ.

మొదటిసారి లైటు నిజంగానే దానంతట అది వచ్చింది. శ్రీకాకుళంలో షెడ్డున్న మెకానిక్ ఎర్రన్న ఇంటికొచ్చి, బానెట్టు ఎత్తి, గాలి గొట్టం మీది సెన్సారు ప్లగ్గు ఊడిందని ఇంట్లో ముగ్గురికీ చూపించాడు.

"ఇదూడితే లైటొస్తాది, బండి నత్తలా నడుస్తాది. ప్లగ్గు మళ్లీ పెట్టినా లైటు పోదు బావా. షెడ్డుకి తెస్తే కంప్యూటరు పెట్టి తీసేస్తాను" అన్నాడు.

ఆ తర్వాత లైటు అలవాటు పడిపోయింది. ఎర్రన్న డీజిలు ఫిల్టరు మార్చాడు. అందులో చేరిన నీళ్లు దింపాడు. సెన్సారు కడిగాడు. వైర్లన్నీ తడిమాడు. ఏం చేసినా బండి మళ్లీ వచ్చేసరికి ఆ ప్లగ్గు ఊడే ఉండేది. చివరికి ఒకనాడు ధర్మేంద్ర చెవిలో చెప్పాడు.

"బావా, ఇది ఊడిపోతన్నాది కాదు. ఎవరో ఊడదీస్తన్నారు."

ధర్మేంద్రకి ఒళ్లు ఝల్లుమంది. విశాలి! నోట్లో నాలుక లేనట్టుండే పిల్ల, తనతో బయటికి రావడానికి బానెట్టు ఎత్తుతోందా! ఎర్రన్నకి టీ తాగించి, ఈ మాట మూడో కంటికి తెలియకూడదని ఒట్టేయించుకున్నాడు. విశాలిని మాత్రం అడగలేదు. అడిగితే సిగ్గుపడి మానేస్తుందేమోనని భయం.

ఆదివారాలు పండగలే. బండి షెడ్డులో పడేసి మ్యాటినీకి పోయేవాళ్లు. ఇంటర్వెల్లో సమోసాలు. తర్వాత నాగావళి వంతెన మీద గాలి. ఇంట్లో గుసగుసలే గానీ, పెళ్లాం పగలబడి నవ్వితే ఎలా ఉంటుందో ధర్మేంద్ర అక్కడే విన్నాడు. వారమంతా ఆ నవ్వు కోసమే బతుకుతున్నాడు పాపం.

ఆ ఆదివారం కూడా సినిమా చూసి షెడ్డుకి వచ్చేసరికి ఎర్రన్న ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

"అయిపోయింది బావా! ఊరంతా నన్ను ఎక్కిరిస్తన్నారు, ఒక్క లైటు ఆర్పలేని మెకానిక్కని. ప్లగ్గుకి ప్లాస్టిక్ టై బిగించీసాను. కత్తిరిస్తే గానీ ఊడదు. మరి జన్మలో రాదు!"

ధర్మేంద్ర మొహం వాడిపోయింది. విశాలి కళ్లలో నీళ్లు తిరిగాయి.

మళ్లీ ఆదివారం వచ్చింది. తాళం తిప్పాడు. లైటు లేదు. ఇంజిను ఎంత చక్కగా మోగిందో, వాడికి అంత ఏడుపొచ్చింది.

"ఏటిరా, ఈ పాలి రాలేదా రోగం?" అంది నారాయణమ్మ.

"లేదమ్మా. బాగైపోయింది. ఎర్రన్న టై కట్టీసాడు."

ఆవిడ ఎందుకో ఆ పూట అందరి మీదా విరుచుకుపడింది. కోళ్లను తిట్టింది. కోడలి చేత వాకిలి రెండోసారి ఊడిపించింది. ధర్మేంద్ర తప్పించుకుని స్నానానికి పోయాడు. వచ్చి, ఊరికే ఉండలేక, మరోసారి తాళం తిప్పాడు.

పసుపుపచ్చ బొమ్మ!

"అమ్మా, వచ్చీసింది!" టెన్త్ పాసైన కుర్రాడిలా కేక పెట్టాడు.

"వచ్చీసిందా, నా కర్మ! దాన్ని కూడా ఎక్కించుకో. పూర్తిగా బాగైతే గానీ రాకండి" అంది నారాయణమ్మ.

హైవే ఎక్కాక ధర్మేంద్ర ఇక ఆగలేకపోయాడు. పెళ్లాం చెయ్యి పట్టుకున్నాడు.

"నా బంగారమే! ఆ టై ఎలా కోసావే?"

విశాలి తెల్లబోయింది. "నానా? నువ్వు కాదా మావా? ఇన్నాళ్లూ నాకోసం నువ్వే పీకుతన్నావని మురిసిపోతన్నాను!"

ధర్మేంద్ర కాలు దానంతట అదే బ్రేకు మీదికి పోయింది.

అక్కడ ఇంటి దగ్గర నారాయణమ్మ, అడకత్తెరకి అంటిన నల్ల జిడ్డు చెంగుతో తుడిచి, బియ్యం డబ్బాలోంచి కొడుకు పేకముక్కలు తీసుకుని, పక్కింటి గోడ మీదుగా కేకేసింది: "ఒసే అమ్మడూ, అందర్నీ ఎంటబెట్టుకుని బేగి రాయే, ఈ పాలి సినిమా పెద్దదంట!"