వెనక గోడ

తొంభై ఎనిమిదిలో పత్తి జిన్నింగ్ మిల్లు తగలబడిన రోజు, మంటల్లో చిక్కుకున్న పున్నమ్మ కోసం లోపలికి ఒక్కడూ వెళ్లలేదు.

ఆమె మొగుడు యలమందయ్య ఆరేళ్లుగా ఈ మాటే అంటున్నాడు. ఎవరూ కాదనలేదు.

ఆదివారం మిల్లు ఓనరు ఊళ్లోకి వస్తున్నాడు. అందరి ముందూ మిల్లు బొమ్మ పెట్టి, "ఇదిగో వెనక తలుపు. ఇటునుంచి వెళ్లొచ్చుగా? ఎందుకు వెళ్లలేదు?" అని నిలదీయాలి.

బొమ్మరైలు పక్కన పెట్టుకునే ఫ్యాక్టరీ సెట్టు మద్రాసులో దొరికింది. అట్టపెట్టె మీద అచ్చం మన మిల్లే. లోపల అన్నీ ప్లాస్టిక్ ముక్కలు.

గోడ నిలబెడితే కప్పు వంగుతుంది. కప్పు సరిచేస్తే గోడ ఊడుతుంది. ఒకరు అంటిస్తుంటే, జిగురు ఆరేదాకా ఇంకొకరు పట్టుకోవాలి.

ఇంట్లో ఇంకొకరు లేరు.

మంగళవారం వాకిట్లో ఎవరో దగ్గారు.

"యలమందయ్యగారిల్లు ఇదేనాండి? నా పేరు బుడాన్. మాది మార్టూరు. మీతో ఒక మాట చెప్పిపోదామని..."

"మాట తర్వాత. చేతులు ఖాళీయేగా? ఈ గోడ పట్టుకో."

బుడాన్ కూర్చుని పట్టుకున్నాడు. దగ్గు బిగబట్టుకుంటున్నాడు.

"ఏమిటా దగ్గు? మిర్చి యార్డులో మూటలు మోస్తావా?"

"లేదండి. ఇదివరకు లారీలకు పత్తి బేళ్లు ఎత్తేవాణ్ని. ఈ తలుపు..."

"తలుపు జోలికి రాకు. అది తెరిచే ఉండాలి."

"ఆ రోజు తెరిచే ఉందండి. లోపల బేళ్లు అడ్డం పడ్డాయి."

యలమందయ్య తలెత్తాడు.

"నీకెవడు చెప్పాడు? ఓనరు పంపాడా?"

"అయ్యో, కాదండి. నేనే..."

దగ్గు తెర ముంచుకొచ్చింది. చెయ్యి అదిరింది. గోడ సరిగ్గా తలుపు దగ్గర పుటుక్కున విరిగింది.

"లే ముందు! మిరప ఘాటు దగ్గుకోడానికి నా ఇల్లే దొరికిందా? పోయి యార్డులో దగ్గుకో!"

భుజం పట్టుకుని గుమ్మం దాటించాడు.

ఆ తర్వాత జిగురు వేళ్లకు అంటుకుంది గానీ గోడకు అంటుకోలేదు. విసుగొచ్చి బొమ్మ పొగగొట్టాన్ని ఇంటి గోడకేసి కొట్టాడు. మళ్లీ ఏరుకొచ్చి అంటించాడు.

ఆదివారం పొద్దున ఒకావిడ వచ్చింది.

"నా పేరు గుల్జార్ బేగం అండి. బుడాన్ మా అన్నయ్య. శుక్రవారం పోయాడు. మీతో చెప్పందే పోనని పంతం పట్టాడు. చెప్పాడా అండి?"

"ఏమిటి చెప్పేది?"

"ఆ మంటల్లో మీ ఆవిడ చెయ్యి దొరికినట్టే దొరికి జారిపోయిందటండి. అన్నయ్యను లారీవాళ్లు స్పృహ లేకుండా గుంటూరు ఆసుపత్రిలో పడేశారు. ఆ పొగే ఇన్నేళ్లూ లోపలుండి తినేసింది."

యలమందయ్య ఆమెను కూర్చోమనలేదు.

సాయంత్రం ఓనరు ఎదుట జనం పోగయ్యారు.

"అడగవేం యలమందయ్యా? బొమ్మ ఏదీ?" అన్నారు జనంలోంచి ఎవరో.

"బొమ్మా లేదు, ఏమీ లేదు. కొంపలకు పోండి."

లోపలికి వెళ్లినవాడు ఒకడున్నాడనీ, వాణ్ని తన చేత్తోనే బయటికి గెంటాననీ అతను ఆ రోజూ చెప్పలేదు, ఆ తర్వాతా ఎవరికీ చెప్పలేదు.