అమ్మ కూతుర్ని పిలుస్తోంది

"మళ్ళీ తప్పు," అన్నాడు మాస్టారు.

మామ్మ నిలబడే ఉంది.

దర్జీ కొట్టు పైన ఒక గది. అందులో సాయంత్రం పూట గ్రీకు క్లాసు. నర్సు, వంటమనిషి, డ్రైవరు, ఇంకొందరు. అందరూ ఆ దేశంలో ఉద్యోగాల కోసం పరీక్ష రాయాల్సినవాళ్ళే.

మామ్మ ఒక్కతే ఏ పరీక్షా రాయదు. ఆస్పత్రిలో దుప్పట్లు ఉతుకుతుంది. యాభై ఏళ్ళు దాటాయి. క్లాసులో అందరికంటే పెద్దది కాబట్టి ఆ పేరు వచ్చి పడింది.

బోర్డు మీద ఒక్కటే వాక్యం ఉంది. అమ్మ కూతుర్ని పిలుస్తోంది.

'ఈ మానా ఫొనాజి తిన్ కోరి.'

మానా అంటే అమ్మ. కోరి అంటే కూతురు. ఫొనాజి అంటే పిలుస్తోంది.

మాస్టారు విసుగ్గా మళ్ళీ మొదలుపెట్టాడు. మన భాషలో మాట వెనక తోక తగిలిస్తాం. కూతురు, కూతుర్ని. వాళ్ళు మాట ముందు టోపీ మారుస్తారు. పిలిచే ఆమెకి 'ఈ' టోపీ. పిలుపు అందుకునే ఆమెకి 'తిన్' టోపీ. టోపీ సరిగ్గా ఉంటే చాలు, మాటల్ని ముందు పెట్టినా వెనక పెట్టినా అర్థం మారదు.

"చెప్పండి."

మామ్మ పెదాలు తడుపుకుంది. గట్టిగానే చెప్పింది. రెండు టోపీలూ తారుమారయ్యాయి.

"ఇప్పుడు మీరన్నదేమిటో తెలుసా? కూతురు అమ్మని పిలుస్తోంది అని."

"ఏదైతేనేం బాబూ, ఇద్దరూ ఒక చోటే ఉంటారుగా."

క్లాసంతా పగలబడి నవ్వింది. మాస్టారు నవ్వలేదు. క్లాసు అయ్యేదాకా ఆమెని అలాగే నిలబెట్టాడు.

మెట్లు దిగుతూ నర్సు ఆటపట్టించింది. ఈ వయసులో ఇంత అవస్థ ఎందుకే మామ్మా, అక్కడ పెళ్ళికొడుకు ఎవరైనా దొరికాడా అంది. మామ్మ కూడా నవ్వేసింది.

ఎందుకో అందరికీ తెలుసు. చేరిన రోజే చెప్పింది. ఆ దేశంలో ఏడేళ్ళ పిల్ల ఉంది. తల్లీ తండ్రీ కారు ప్రమాదంలో పోయారు. పిల్ల అనాథాశ్రమంలో ఉంది, గ్రీకు తప్ప వేరే ముక్క రాదు. పెంచుకోవడానికి ఈమెకి ఇవ్వాలంటే, పిల్లతో మాట్లాడగలదని మాస్టారు మాట ఇవ్వాలి.

కొడుకూ కోడలూ పోయారన్నమాట, పాపం, అంది వంటమనిషి. అంతటితో ఆ సంగతి అయిపోయింది.

ఓ ఆదివారం నర్సు ముందుగా వచ్చింది. మామ్మ మెట్ల మీద కూర్చుని ఫోన్లో మాట్లాడుతోంది. ఒక్క టోపీ కూడా సరైన తల మీద లేదు. అవతల పిల్ల మాత్రం కిలకిలా నవ్వుతోంది. ఇంకోసారి చెప్పు, ఇంకోసారి చెప్పు అంటోంది.

నర్సు ఆ సంగతి మాస్టారుతో చెప్పింది. పిల్లకి అర్థమవుతోంది, పోనీ ఆ మాటేదో ఇచ్చెయ్యకూడదా అంది.

"సర్కస్‌లో బఫూన్ని చూసినా పిల్లలు నవ్వుతారు," అన్నాడు మాస్టారు. "అది భాషా?"

పిల్లల సంరక్షణ ఆఫీసు నుంచి ఫోను క్లాసు మధ్యలోనే వచ్చింది. అవతల అధికారిణి. అడిగింది ఒకటే. ఆవిడ ఆ పిల్లతో మాట్లాడగలదా, లేదా.

మామ్మ లేచి నిలబడింది. బల్ల అంచు పట్టుకుంది. చేతులు బ్లీచింగ్ నీళ్ళకి పాలిపోయి ఉన్నాయి.

మాస్టారు ఆమెని చూశాడు. తర్వాత క్లాసుని చూశాడు. అందరూ తననే చూస్తున్నారు. అలాంటప్పుడు ఆయనకి మాటలు భలే దొరుకుతాయి.

"అమ్మెవరో కూతురెవరో తేడా తెలీదండీ ఆవిడకి."

ముందు డ్రైవరు నవ్వాడు. తర్వాత అందరూ.

అవతల అధికారిణి, అంతేనాండీ, ఆలోచించుకుని చెప్పండి అంది. మాస్టారు తన మాటకో విలువుందనీ, అబద్ధం చెప్పి దాన్ని పోగొట్టుకోలేననీ చెప్పి ఫోను పెట్టేశాడు.

మామ్మ సంచీ తీసుకుంది. తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళింది.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. పాఠం ఇప్పుడు చకచకా సాగుతోందని అందరూ అనుకున్నారు. మాస్టారు ఆమె కుర్చీ మీద గొడుగు పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

కొన్నాళ్ళకి ఆ అధికారిణే మళ్ళీ ఫోను చేసింది.

పిల్లని దూరంగా ఇంకో ఆశ్రమానికి మార్చేశారట. అక్కడికి ఫోన్లు కుదరవట. ఆ సంగతి ఆవిడకి చెప్పాలి, ఆవిడేమో ఫోను ఎత్తడం లేదు. క్లాసుకి వస్తే కాస్త చెప్పగలరా అని అడిగింది.

మాస్టారు ఆమె కుర్చీ మీది గొడుగు తీసి కింద పెట్టాడు.

"అయినా ఇంత కఠినమేమిటండీ మీ ఆఫీసుకి? సొంత మనవరాలు కదా. భాష రాకపోతే మాత్రం ఇవ్వరా?"



"మనవరాలని మీకెవరు చెప్పారు?"

మాస్టారికి ఎవరూ చెప్పలేదు. తనూ ఎప్పుడూ అడగలేదు.

"సొంత మనవరాలైతే మీ మాటతో మాకు పనే లేదండీ. ఆవిడకి ఏమీ కాని పిల్ల కాబట్టే అడగాల్సి వచ్చింది."

"మరి ఎవరి పిల్ల?"

ఆమె కాగితం చూసి చదువుతున్నట్టు, మెల్లగా చెప్పింది.

"ఆవిడ భర్త ఆవిడని వదిలేసి ఎవరితో ఆ దేశం వెళ్ళిపోయాడో, ఆ ఆడమనిషి కన్న పిల్లండీ."